పెర్త్ నుంచి అడిలైడ్‌కి ఒంటరిగా సైకిల్ మీద: నల్లర్బోర్‌లో నీళ్ల లెక్క

మీ ప్రశ్న సారాంశం ఇది: ఆగస్టులో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఉన్న మీ అన్నయ్యగారింట్లో దిగి, అక్కడి నుంచి అడిలైడ్ దాకా ఒంటరిగా తొక్కాలనుకుంటున్నారు. హైదరాబాద్‌లో రోజుకు వంద కిలోమీటర్లు తొక్కే అలవాటుంది. మాంసం తినరు. మధ్యలో నల్లర్బోర్ మైదానం దాటడానికి ఎన్ని నీళ్లు మోయాలి, ఎలాంటి సైకిల్ కావాలి, తోడు లేకుండా వెళ్లడం పిచ్చితనమా అని అడిగారు.

పిచ్చితనం కాదు. 1896లోనే ఆర్థర్ రిచర్డ్‌సన్ అనే ఆయన కూల్‌గార్డీ నుంచి అడిలైడ్‌కి 31 రోజుల్లో సైకిల్ మీద వెళ్లాడు. అప్పుడక్కడ రోడ్డే లేదు. టెలిగ్రాఫ్ తీగ పట్టుకుని, చిన్న మూట, ఒక నీళ్ల సంచితో వెళ్లాడు. ఇప్పుడు ఆ మైదానం మీదుగా వెళ్లే ఏర్ హైవేకి 1976 నాటికి మొత్తం తారు పడింది. దారి తప్పడానికి రెండో రోడ్డు కూడా లేదు. మీ ప్రణాళికలో నాకు భయం కలిగించింది ఒంటరితనం కాదు, "రోజుకు వంద కిలోమీటర్లు" అన్న మాట. అక్కడ దూరాన్ని కిలోమీటర్లలో కొలిచినవాళ్లే నీళ్లు అయిపోయి రోడ్డు పక్కన కూర్చుంటారు. గంటల్లో కొలవండి. ఎందుకో చెబుతాను.

ముందు దారి సంగతి. పెర్త్ నుంచి కూల్‌గార్డీ మీదుగా నార్స్‌మన్ దాకా సుమారు 720 కి.మీ. మెరెడిన్, సదరన్ క్రాస్ లాంటి ఊళ్లు తగులుతుంటాయి కాబట్టి ఇబ్బంది లేదు. ఆ దూరానికి పట్టే ఎనిమిది రోజులూ మీ సామాను ఎక్కడ వదులవుతోందో, ఏది అనవసరంగా మోస్తున్నారో తెలుసుకోవడానికి వాడుకోండి. సరుకులన్నీ దొరికే చివరి ఊరు నార్స్‌మన్. అక్కడి నుంచి సెడూనా దాకా 1,200 కి.మీ. పైచిలుకు. మధ్యలో ఉన్నవన్నీ రోడ్‌హౌస్‌లు. అంటే పెట్రోలు బంకు, చిన్న వంటగది, నాలుగు గదులు, టెంటు వేసుకునే జాగా. పెనాంగ్ వచ్చాక గానీ చిన్న ఊరు అనదగ్గది కనిపించదు.

వాటి మధ్య దూరాలు ఇవి, ఒకటి రెండు కిలోమీటర్లు అటూ ఇటూగా: నార్స్‌మన్ నుంచి బల్లడోనియా 191, అక్కడి నుంచి కైగూనా 182, కాకిల్‌బిడ్డీ 65, మడూరా 91, మండ్రబిల్లా 116, యూక్లా 66, బోర్డర్ విలేజ్ 12, నల్లర్బోర్ రోడ్‌హౌస్ 184, నండ్రూ 145, పెనాంగ్ 79, సెడూనా 73. నల్లర్బోర్, నండ్రూల మధ్య యలాటా ఉంది గానీ నీళ్ల విషయంలో దాన్ని లెక్కలోకి తీసుకోకండి. మిగతా చోట్లకూ బయల్దేరే ముందు ఫోన్ చేసి, తెరిచి ఉన్నారా, వంటగది ఎన్నింటికి మూస్తారు అని అడగండి. ఈ రోడ్‌హౌస్‌లు చేతులు మారుతుంటాయి, కొన్నాళ్లు మూతపడుతుంటాయి కూడా.

ఈ వరసలో మిమ్మల్ని పరీక్షించేవి మూడే: 191, 182, 184. మిగతావి ఒక పూట, ఒకటిన్నర రోజు పని.

ఇప్పుడు నీళ్లు. సామానుతో నిండిన సైకిల్ మీద గాలి లేని రోజున మీరు గంటకు 18 కి.మీ. వెళ్తారనుకుందాం. 191 కి.మీ.కి పదిన్నర గంటలు, అంటే ఒక రాత్రి మధ్యలో ఆగుతారు. అదే 25 కి.మీ. వేగంతో ఎదురుగాలి తగిలితే మీ వేగం 11కి పడిపోతుంది. గాలిని చీల్చడానికి పెట్టాల్సిన శక్తి వేగంతో పాటు సమానంగా పెరగదు, ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే "ఇంకొంచెం గట్టిగా తొక్కుదాం" అనేది పనికిరాదు, చెమట పెరుగుతుంది తప్ప కిలోమీటర్లు పెరగవు. 11 వేగంతో అదే దూరానికి పదిహేడున్నర గంటలు. పగటి వెలుతురులోనే తొక్కాలి కాబట్టి అది రెండు రాత్రుల ప్రయాణం.

చల్లటి కాలంలో, 20-25 డిగ్రీల్లో, తొక్కే గంటకు 600 మి.లీ. పెట్టుకోండి. ఆగిన ప్రతి రాత్రికీ తాగడానికి, వంటకి, పళ్లు తోముకోవడానికి కలిపి రెండున్నర లీటర్లు. గాలి లేని రోజు లెక్క: 6.3, దాని మీద 2.5, దగ్గర దగ్గర 9 లీటర్లు. ఎదురుగాలి లెక్క: 10.5, దాని మీద 5, అంటే పదిహేనున్నర. దూరం ఒకటే, నీళ్లు మాత్రం 9 నుంచి పదిహేనున్నరకి వెళ్లాయి. ఎండ 35 దాటితే గంటకు లీటరు లెక్కవేయండి, అప్పుడు ఎదురుగాలి రోజు మొత్తం ఇరవై దాటుతుంది. అంత మోస్తూ ఆ ఎండలో తొక్కడం కంటే రోడ్‌హౌస్‌లో ఒక రోజు పడుకోవడం మేలు.

నా సలహా: మామూలు గాలి ఉన్నప్పుడు ఆ మూడు పెద్ద ఖాళీలకు 12 లీటర్లు, ఎదురుగాలి సూచన ఉంటే 16. బయల్దేరే ముందు రోజు రాత్రి ఆస్ట్రేలియా వాతావరణ శాఖ సూచనలో యూక్లా, బల్లడోనియా ప్రాంతాల గాలి దిశ, వేగం చూడండి. ఉష్ణోగ్రత కంటే ముందు గాలి చూడాలి. రేపు ఎదురుగాలి, ఎల్లుండి వెనకగాలి అని ఉంటే రేపు కదలకండి. ఒక రోజు కూర్చుని రెండు రోజుల పని ఒక్క రోజులో ముగించడం ఆ రోడ్డు మీద సోమరితనం కాదు.

నీళ్లన్నీ ఒకే సంచిలో పోయొద్దు. పది లీటర్ల సంచి మూత దగ్గర కారితే రాత్రికి రాత్రే ఖాళీ అవుతుంది, పొద్దున లేచేసరికి తడి మట్టి మాత్రమే ఉంటుంది. ఫ్రేములో రెండు బాటిళ్లు, ముందు ఫోర్కుకి రెండు పక్కలా లీటరున్నర బాటిల్ ఒక్కొక్కటి, మిగతావి నాలుగైదు లీటర్ల సంచులు రెండు. సంచుల్ని క్యారియరు మీద ఎత్తుగా కాకుండా పక్క బ్యాగుల అడుగున, రెండు వైపులా సమానంగా పెట్టండి. పైన పెడితే పెద్ద లారీ దాటినప్పుడల్లా హ్యాండిలు వణుకుతుంది. రోడ్‌హౌస్‌లలో కుళాయి నీళ్లు చాలా చోట్ల బోరు నీళ్లు, ఉప్పగా ఉంటాయి, తాగేందుకు బాటిళ్లు కొనాల్సిందే. డబ్బు అందుకు తగ్గట్టు పెట్టుకోండి. కొన్ని విశ్రాంతి స్థలాల్లో వాన నీటి ట్యాంకులు ఉంటాయి. అందులో నీళ్లు ఉంటే అదృష్టం, లెక్కలో వేసుకునే వస్తువు కాదు. నిజంగా ఇరుక్కుంటే ఖాళీ బాటిల్ పైకెత్తి పట్టుకోండి. ఆ రోడ్డు మీద కారవాన్లు లాక్కుంటూ దేశం తిరిగే రిటైరైన దంపతులు చాలామంది, తప్పకుండా ఆగుతారు.

వట్టి నీళ్లే తాగుతూ పోవడం కూడా ప్రమాదమే. ఒంట్లో ఉప్పు పలచబడి తల తిరుగుతుంది, వాంతి వస్తుంది, దాన్ని దాహం అనుకుని ఇంకా తాగుతారు. రోజుకు రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, తిండిలో ఊరగాయ చాలు.

కాలం విషయంలో మీరు సరిగ్గానే ఎంచుకున్నారు. చలికాలంలో, అంటే జూన్ నుంచి ఆగస్టు దాకా, పడమటి గాలులు ఎక్కువ. మీరు తూర్పుకి వెళ్తారు కాబట్టి అవి వీపుకి తగులుతాయి. వేసవి దగ్గరపడే కొద్దీ ఆగ్నేయం నుంచి వీచే గాలులు బలపడతాయి. ఆగస్టు రెండో వారంలో పెర్త్ వదిలితే సెప్టెంబర్ మొదట్లో మైదానం మధ్యలో ఉంటారు. రాత్రుళ్లు 5 డిగ్రీల కిందికి పోవచ్చు, సున్నాకి సరిపోయే స్లీపింగ్ బ్యాగ్ కావాలి. డిసెంబరుకి మాత్రం వాయిదా వేయకండి. 2019 డిసెంబర్ 19న నల్లర్బోర్‌లో 49.9 డిగ్రీలు నమోదైంది. సెప్టెంబర్‌లో ఇంకో లాభం: నల్లర్బోర్ రోడ్‌హౌస్ దాటాక హెడ్ ఆఫ్ బైట్ అనే చోట సముద్రం పక్కన కొండ అంచు నుంచి తిమింగలాలు పిల్లలతో కనిపిస్తాయి. హైవే నుంచి పన్నెండు కిలోమీటర్లు లోపలికి, మళ్లీ అంతే వెనక్కి. ఆ 24 కి.మీ.కి నీళ్లు కలుపుకోండి.

సైకిల్. రోడ్డంతా తారు, పెద్ద ఎత్తులు లేవు. మడూరా దగ్గర పీఠభూమి నుంచి కిందికి దిగుతారు, యూక్లా దగ్గర మళ్లీ ఎక్కుతారు, అంతే. ఖరీదైన గేర్లు అక్కర్లేదు. డబ్బంతా వెనక చక్రం మీద పెట్టండి. 36 స్పోకుల రిమ్ము, చేత్తో బిగించిన చక్రం. కొత్త సైకిళ్లతో వచ్చే మిషను చక్రాల్లో స్పోకుల బిగువు ఒక్కొక్కటి ఒక్కోలా ఉంటుంది. వదులుగా ఉన్నది చక్రం తిరిగినప్పుడల్లా లాగి వదులుతూ, హబ్బు దగ్గర మెడ వంపులో అలిసిపోయి తెగుతుంది. తెగేది దాదాపు ఎప్పుడూ వెనక చక్రంలో గేరు పళ్ల వైపే, ఎందుకంటే అటు వైపు స్పోకులకే బిగువు ఎక్కువ. అక్కడ కొత్తది ఎక్కించాలంటే గేరు పళ్ల సెట్టు విప్పాలి, దానికి వేరే పనిముట్టు కావాలి. అందుకని రెండు ఏర్పాట్లు: హ్యాండిల్లో దాచుకునే తాడు స్పోకు ఒకటి (పళ్లు విప్పకుండానే కట్టొచ్చు), ఆ వైపు కొలతకి సరిపోయే అసలు స్పోకులు నాలుగు. పెర్త్ నుంచి మొదటి 300 కి.మీ. తొక్కాక ఏదైనా ఊళ్లో చక్రం మళ్లీ బిగువు చూపించండి. ఒకటి తెగితే ఆ రోజే సరిచేయండి. తెగినదాని బరువు పక్కవాటి మీద పడి రెండు రోజుల్లో ఇంకో రెండు పోతాయి.

టైర్లు 42 నుంచి 47 మి.మీ. వెడల్పు, లోపల పంక్చరు అడ్డు పొర ఉన్నవి. సామానుతో వెనక 50-55 పీఎస్‌ఐ, ముందు 45, టైరు పక్కన రాసిన హద్దులోపల. పంక్చర్లు రెండు కారణాల వల్ల వస్తాయి. మొదటిది, పేలిపోయిన లారీ టైర్ల నుంచి రాలిన ఉక్కు తీగ ముక్కలు. వెంట్రుకంత సన్నంగా ఉంటాయి, రోడ్డు అంచునే పేరుకుంటాయి, మీరు తొక్కేదీ అక్కడే. ట్యూబు మార్చి తీగని టైరులోనే వదిలేస్తే పది నిమిషాల్లో మళ్లీ దిగబడుతుంది. వేలితో కాకుండా గుడ్డతో లోపల తడిమి, దారం ఎక్కడ పట్టుకుంటే అక్కడ ట్వీజర్‌తో లాగండి. రెండోది మీకు బాగా తెలిసినదే, మన పల్లేరు కాయ. అచ్చంగా అదే మొక్క అక్కడ కూడా రోడ్ల పక్కన పాకుతుంది, దానికి తోడు మూడు ముళ్ల కాయల మొక్క ఇంకొకటి. టెంటు వేసుకోవడానికి సైకిల్‌ని తొక్కుతూ లోపలికి తీసుకెళ్లకండి, ఎత్తి మోయండి. ట్యూబులు మూడు, ప్యాచీలు ఇరవై, సొల్యూషన్ రెండు, ఎందుకంటే ఒకసారి తెరిచిన సొల్యూషన్ వారంలో ఎండిపోతుంది. మడతపెట్టే టైరు ఒకటి.

మిగతా విడిభాగాలు: చైను లింకులు రెండు, చైను కోసే పనిముట్టు, గేరు కేబులు, బ్రేకు కేబులు, బ్రేకు ప్యాడ్లు ఒక జత, మీ ఫ్రేముకే సరిపోయే డెరైలర్ హ్యాంగర్ (వెనక గేరు మార్చే భాగాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న ముక్క, ఇది దారిలో ఎక్కడా దొరకదు, సైకిల్ విమానంలో వంగేది కూడా ఇదే), ఎం5 బోల్టులు పది. క్యారియరు బోల్టులకి నీలం రంగు లాక్‌టైట్ (బోల్టు వదులవకుండా పట్టే జిగురు) రాసి బిగించి, మూడు రోజులకోసారి చేత్తో చూడండి. బోల్టు ఊడి క్యారియరు ఒక వైపు చక్రంలోకి వాలడం, స్పోకు తర్వాత ఎక్కువగా ఆపేసేది అదే.

ఇక రోడ్డు మీద ప్రమాదం అంటే రోడ్ ట్రెయిన్లు. 36.5 మీటర్ల పొడవు, ఒక లారీకి వెనక తగిలించిన పెద్ద ట్రెయిలర్లు. చాలామంది డ్రైవర్లు మంచివాళ్లే, ఖాళీ ఉంటే పూర్తిగా అవతలి వైపుకి వెళ్లి దాటుతారు. ఖాళీ లేనప్పుడు సమస్య. ఎదురుగా ఒకటి, వెనక ఒకటి, ఇద్దరూ మీ దగ్గరే కలుస్తారని అనిపిస్తే తారు దిగిపోండి. వాళ్లు ఆపలేరు, మీరు ఆగగలరు. అందుకే అద్దం తప్పనిసరి. పక్కగాలి ఉన్న రోజు లారీ మీకూ గాలికీ మధ్యకి రాగానే గాలి ఒక్కసారిగా ఆగుతుంది, మీరు గాలి వైపు ఒరిగి తొక్కుతున్నారు కాబట్టి లారీ వైపుకే ఒరుగుతారు. అది దాటగానే గాలి మళ్లీ తంతుంది. మోచేతులు సడలించి, హ్యాండిలు గట్టిగా పట్టుకోండి. పగలు కూడా వెనక ఎర్ర లైటు వెలిగించే ఉంచండి. చిన్న యూహెచ్‌ఎఫ్ రేడియో కొంటే 40వ ఛానెల్లో డ్రైవర్లు మాట్లాడుకుంటారు, ముందున్న సైకిల్ గురించి వాళ్లే ఒకరికొకరు చెప్పుకుంటారు. పొద్దు వాలాక తొక్కొద్దు, కంగారూలు అప్పుడే రోడ్డెక్కుతాయి. హెల్మెట్ అక్కడ చట్టం.

బల్లడోనియా, కైగూనాల మధ్య 146.6 కి.మీ. ఒక్క మలుపు కూడా లేని రోడ్డు ఉంది. అందరూ విసుగు గురించి చెబుతారు. అసలు దెబ్బ ఒంటికి. మలుపు లేదు, ఎత్తు లేదు, గేరు మార్చే పని లేదు కాబట్టి గంటల తరబడి ఒకే భంగిమలో ఉండిపోతారు. చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారతాయి, సీటు దగ్గర చర్మం రాసుకుని పుండవుతుంది. ప్రతి పది కిలోమీటర్లకి దిగి వంద అడుగులు నడవండి. పొద్దున్నే వ్యాసెలిన్, రాత్రి తడి గుడ్డతో శుభ్రం, రెండు జతల షార్ట్స్ మార్చి మార్చి. అదే రోడ్డు మీద ఒకచోట తారు మీద రన్‌వే గీతలు కనిపిస్తే కంగారుపడకండి, మారుమూల రోగుల కోసం వచ్చే ఫ్లయింగ్ డాక్టర్ విమానాలు అత్యవసరంగా దిగే చోటు అది.

తిండి. రోడ్‌హౌస్‌లో మీకు దొరికేవి చిప్స్, చీజ్ టోస్ట్, గుడ్డు తింటే గుడ్డు. కడుపు నిండుతుంది, రెండు వారాలు అదే అంటే కష్టం. రోజుకు 3,500-4,000 క్యాలరీలు కావాలి. బియ్యం వద్దు. ఉడకడానికి గ్యాసు, నీళ్లు రెండూ తాగేస్తుంది. అటుకులు సరైన తిండి: నానబెడితే చాలు, వంద గ్రాములకి సుమారు 350 క్యాలరీలు, పైన పప్పుల పొడి, నూనె. కూస్‌కూస్ (గోధుమ రవ్వ లాంటిది) మీద వేడి నీళ్లు పోసి మూత పెడితే ఉప్మా అయిపోతుంది. పీనట్ బటర్ డబ్బా వారానికి ఒకటి. ఇవన్నీ పెర్త్‌లో భారతీయ దుకాణాల్లో ఉన్నాయి, హైదరాబాద్ నుంచి మోసుకెళ్లి విమానాశ్రయంలో సంచి విప్పించుకోకండి. ఏం తీసుకెళ్లినా ప్రయాణికుల పత్రంలో రాయండి. సైకిల్ టైర్లు, బూట్లు, టెంటు మేకులు మట్టి లేకుండా కడిగి ప్యాక్ చేయండి, తనిఖీలో చూసేది ముఖ్యంగా దాన్నే. గ్యాసు డబ్బా విమానంలో ఎక్కనివ్వరు, పెర్త్‌లో కొనాలి. లీటరు నీళ్లు కాచడానికి 15-20 గ్రాములు పోతుంది, 230 గ్రాముల డబ్బాలు రెండు చాలు. పూర్తి నిప్పు నిషేధం ప్రకటించిన రోజుల్లో స్టవ్ వెలిగించే ముందు నిబంధన కనుక్కోండి. ఆ రోజులకి అటుకులు ఎలాగూ ఉన్నాయి.

తూర్పుకి వెళ్లేవాళ్లని సెడూనా దగ్గర పళ్లు, కూరగాయల కోసం తనిఖీ చేస్తారు. పడమటికి వెళ్లేవాళ్లకైతే బోర్డర్ విలేజ్ దగ్గర, అక్కడ తేనె కూడా వదలరు. నండ్రూ దాటేలోపే మిగిలిన పళ్లు తినేయండి. కైగూనా నుంచి బోర్డర్ విలేజ్ దగ్గరి రాష్ట్ర సరిహద్దు దాకా గడియారాలు పెర్త్ కంటే 45 నిమిషాలు ముందుంటాయి, దాటాక ఇంకో 45. వంటగది ఎనిమిదికి మూస్తామని ఫోన్‌లో చెబితే ఎవరి ఎనిమిది అని అడగండి.

టెంటు దానంతటదే నిలబడేది తీసుకోండి. కింద సున్నపురాయి, మేకులు దిగవు, రాళ్లకి కట్టుకోవాలి. ఈగలకి ముఖం వల. రోడ్డుకి కనిపించనంత లోపల వేసుకుంటే నిద్ర పడుతుంది. యలాటా చుట్టూ ఉన్నది ఆదివాసీల భూమి, హైవే వదిలి లోపలికి వెళ్లాలంటే వాళ్ల అనుమతి ఉండాలి.

ఒంటరిగా వెళ్లడంలో తేడా ఇక్కడుంది. ఫోన్ సిగ్నల్ రోడ్‌హౌస్‌ల దగ్గరే, అదీ ఎక్కువగా టెల్‌స్ట్రా అనే కంపెనీది. మధ్యలో అత్యవసర నంబరు 000 కూడా పనిచేయదు. శాటిలైట్ మెసెంజర్ గానీ, 406 మెగాహెర్ట్‌జ్ బీకన్ (నొక్కితే ఉపగ్రహం ద్వారా ఆపద సంకేతం పంపే పరికరం) గానీ ఒకటి ఉండాలి, సైకిల్ మీద కాదు, మీ ఒంటి మీద. సైకిల్ ఒక పక్క, మీరు ఒక పక్క పడితే బ్యాగులోది అందదు. అన్నయ్యగారితో ఒక నియమం పెట్టుకోండి: ప్రతి రోడ్‌హౌస్ నుంచి మెసేజ్, తర్వాతి చోటికి ఎప్పటికి చేరతానో చెప్పడం, ఆ సమయం దాటి 24 గంటలైతే ఆయన ముందు రోడ్‌హౌస్‌కి, తర్వాత పోలీసులకి ఫోన్ చేయడం. పాము కరిస్తే కడగొద్దు, కోయొద్దు. వెడల్పాటి సాగే బ్యాండేజీ కాలంతా గట్టిగా చుట్టి, కదలకుండా పడుకుని బీకన్ నొక్కండి. అందుకే బ్యాండేజీలు రెండు.

సెడూనా తర్వాత పోర్ట్ ఆగస్టా దాకా 470 కి.మీ., అక్కడి నుంచి అడిలైడ్ మరో 310. ఊళ్లు, గోధుమ చేలు, దుకాణాలు. మొత్తం ప్రయాణానికి 35 నుంచి 40 రోజులు పెట్టుకోండి, అందులో ఐదారు రోజులు గాలి కోసం కూర్చోవడానికి.

నేను పైన పెట్టిన 18, 11 అనే వేగాలు మీవి కావు. మీవి మీరు తెలుసుకోవాలి. జులైలో నైరుతి గాలులు బలంగా ఉన్నప్పుడు, సామానంతా కట్టి, 12 లీటర్ల నీళ్లు ఎక్కించి హైదరాబాద్ నుంచి కర్నూలు వైపు బయల్దేరండి. 215 కి.మీ., రెండు రోజులు, ఎదురుగాలి. మధ్యలో ఒక రాత్రి లాడ్జిలో. ఎన్ని గంటలు పెడల్ తొక్కారో, ఎన్ని లీటర్లు తాగారో రెండూ రాసుకోండి. తిరుగు ప్రయాణంలో గాలి వెనక ఉంటుంది, అదీ రాసుకోండి. ఆ నాలుగు అంకెలతో 191, 182, 184లకి లెక్క మళ్లీ కట్టి ఇక్కడ పెట్టండి, సంచులు ఎన్ని కొనాలో అప్పుడు చెబుతాను.